ఇంటి బెంగ

ఇంటి బెంగకు 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి 'నోస్టాల్జియా' అని పేరుపెట్టి, జబ్బుల్లో చేర్చాడు. నిద్రలేమి, ఆకలి మందగించడం, గుండెదడ, జ్వరం దాని లక్షణాలన్నాడు.

నేటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని జబ్బనరు. మంచి రోజులు తలచుకుంటే ఒంటరితనం తగ్గుతుందనీ, చలిగదిలో ఉన్నవారికి ఒంటికి కాస్త వెచ్చగా కూడా అనిపిస్తుందనీ వారి ప్రయోగాల్లో తేలింది. వాసన సంగతి మరీ చిత్రం. ముక్కు నుంచి సంకేతం మెదడులో ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలకు దగ్గరి దారిన చేరుతుంది. అందుకే గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు ఈద్ ఉదయం షీర్ ఖుర్మా వాసన తగిలితే అమ్మీ వంటిల్లే కళ్ళముందుకొస్తుంది. కళ్ళు చెమ్మగిల్లినా మనసు తేలికపడుతుంది.

అందరికీ ఇలా కాదు. ఎప్పుడూ దిగులుపడే అలవాటున్నవారికి ఆ తలపే బెంగను పెంచవచ్చు. అలాంటి పిల్లవాడు 'బాగున్నా' అని ముక్తసరిగా ఫోన్ పెట్టేస్తే, మేమైతే మళ్ళీ చేసి, నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడుగుతాం.