ట్రస్టు సొమ్ము, అవ్వల జ్ఞాపకం

రాండప్పా, అరుగు మీద సర్దుకుని కూచోండి. నిన్న మీలో ఒక గడుగ్గాయి అడిగినాడు: "తాతా, కోతి ఏం ఆలోచిస్తాదో, అవ్వకి మతిమరుపు ఎందుకొస్తాదో కనుక్కునేవాళ్లకి జీతం ఎవురిస్తారు?" అని. భలే అడిగినాడు. చదువుకున్నోళ్లు కూడా ఖర్చు సంగతి అడగరు.

సర్కారు ఇస్తాది. ట్రస్టులూ ఇస్తాయి. మన మారికుప్పానికి ఇది కొత్తేం కాదు. పక్కనే ఛాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకి పైగా లోతున, 1965లో కంటికి కనబడని న్యూట్రినో కణాల జాడ పట్టినవాళ్లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఉన్నారు. 1945లో ఆ సంస్థకి ఊపిరి పోసింది సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు.

ఇప్పుడు బుర్ర సంగతి. మన కోలారు జిల్లాలోనే, మామిడికి పేరుపడ్డ శ్రీనివాసపురం తాలూకాలో, పెద్ద పనొకటి నడుస్తా ఉంది. ఇన్ఫోసిస్ పెట్టినవాళ్లలో ఒకాయన క్రిస్ గోపాలకృష్ణన్. ఆయనా, ఆయన భార్య సుధా నడిపే ప్రతీక్ష ట్రస్టు 225 కోట్లు ఇస్తామంటే బెంగళూరు ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అనే మెదడు పరిశోధన కేంద్రం లేచింది. ఆ కేంద్రంవాళ్లు 2018లో శ్రీనివాసపురం పల్లెల్లో దిగినారు. 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలని వాళ్ల లెక్క.

ఏం చూస్తారంటారా? రక్తం, బీపీ, షుగరు, మెదడుకి ఎమ్మారై. జ్ఞాపకాన్ని పరీక్షించేదానికి కొన్ని మాటలు చెప్పి, కాసేపు వేరే పనిలో పెట్టి, "ఇందాక ఏం చెప్పినామమ్మా?" అంటారు. పాత పరీక్షలు చాలావరకు బడికి పోయిన పట్నపోళ్ల కోసం చేసినవి. పలక పట్టని అవ్వ కాగితం మీద గడియారం బొమ్మ గీయలేకపోతే అది మతిమరుపా? ఆ అవ్వే ఏ కాలంలోనో ఎవురికి ఎన్ని సేర్ల రాగులు బదులిచ్చిందో గడగడా చెప్పేస్తాది! అందుకే పల్లె మనుషుల్ని విడిగా చూడాల.

సర్కారు గ్రాంటు మామూలుగా మూడేళ్లకో అయిదేళ్లకో ఉంటాది. చెనిక్కాయ విత్తినోడు నాలుగు నెలల్లో పీకి లెక్క చూపిస్తాడు, మామిడి టెంక నాటినోడు చూపించలేడు. మతిమరుపు మామిడి జాతిది. బయటపడేదానికి పదీ ఇరవై ఏళ్ల ముందే లోపల మొదలై ఉంటాది. అదే అవ్వ ఇంటికి మళ్లీ మళ్లీ పోవాలంటే తొందరపెట్టని సొమ్ము కావాల. అయితే దాత మనసు ఎటుంటే సొమ్మూ అటే పోతాది. ముసలితనం జబ్బులకి చెయ్యి చాపితే ఇస్తారు గానీ, కోతి బుద్ధికి అంత సులువుగా ఇస్తారా అని నా అనుమానం.

అట్లాగని కోతుల్ని ఎవురూ పట్టించుకోలేదనుకోవద్దండి. ఆ ఐఐఎస్‌సీ ఆవరణలోనే జె.ఆర్.డి. టాటా తలపెట్టగా 1988లో పుట్టిన నియాస్ అనే సంస్థ ఉంది. అక్కడి అనింద్య సిన్హా బృందం బండీపూర్ అడవిలో మన మామూలు కోతుల్నే చూసింది. అక్కడ కోతులు మనిషి ఎదుట చెయ్యి చాపి, 'కూ' అని తిండి అడుగుతాయి. చెయ్యి చాపేదీ, మనవైపు తిరిగేదీ, మనల్ని గమనించేదీ కావాలనే చేస్తున్నట్టు కనిపించింది. 'కూ' అనే కూత మాత్రం కావాలనే చేసేదని తేలలేదు! 2018లో అచ్చయిన మాట ఇది. మనమేమో కోతి అరుపు మీదే ధ్యాస పెడతాం.

ఈసారి కోతి కనబడితే సంచి దాచుకుని, దూరంగానే నిలబడి దాని చెయ్యీ చూపూ గమనించండి. మీరు మొగం తిప్పుకుంటే అదేం చేస్తాదో చూసొచ్చి నాకు చెప్పాల.