రొట్టె ఎవరికి, ఖర్జూరం ఎవరికి?

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే సంగతి మన జిల్లాల వారికి తెలిసిందే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు ముందే, పొట్ట చేతబట్టుకుని మలయా తోటలకు వెళ్లిన తెలుగు కూలీలు జపాన్ వారి చేతిలో చిక్కుకుపోయారు.

ఆ ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. పట్టుబడిన సుమారు 85 వేల మంది సైనికుల్లో సగం దాకా భారతీయులే. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరని వారిలో వేలమందిని న్యూగినీ వైపు దీవులకు పంపి చాకిరీ చేయించారు.

సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు అడవుల్లో 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించారు. 1943 అక్టోబరులో అది పూర్తయింది. ఆ పనిలో 60 వేలకు పైగా యుద్ధ ఖైదీలుంటే 12 వేలకు పైగా చనిపోయారు. మరి కూలీలో? మంచి కూలి ఇస్తామని నమ్మించి కొందరినీ, లారీలెక్కించి బలవంతంగా కొందరినీ తెచ్చారు. తమిళులు, తెలుగువారు, మలయులు, బర్మీయులు, జావావారు కలిపి రెండు లక్షల దాకా ఉంటారని, 90 వేల మంది దాకా పోయారని అంచనా. కచ్చితమైన లెక్క ఎవరూ రాయలేదు.

1943 వానల్లో కలరా వచ్చింది. సైనికుల శిబిరాల్లో వారి డాక్టర్లే ఉండేవారు. నీళ్లు కాచందే తాగనిచ్చేవారు కాదు. కూలీల పాకల్లో ఆ మాట చెప్పే దిక్కే లేదు. శుభ్రత గురించి మదర్సాలో పిల్లలకు రోజూ చెప్పే పాఠమే అక్కడ ప్రాణం నిలబెట్టింది.

ఖైదీని ఎలా చూడాలో మనకు బద్ర్ నాడే తెలిసింది. హిజ్రీ 2లో సుమారు 70 మంది ఖురైషీలు పట్టుబడ్డారు. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) సోదరుడు అబూ అజీజ్ వారిలో ఒకడు. అన్సార్లు తనకు రొట్టె పెట్టి తాము ఖర్జూరాలతో సరిపెట్టుకునేవారని, సిగ్గుపడి తిరిగిచ్చినా ముట్టేవారు కాదని ఆయనే తర్వాత చెప్పాడు. సూరా దహ్ర్ 8వ ఆయత్‌లో నిరుపేద, అనాథల పక్కనే ఖైదీ ప్రస్తావన కూడా ఉంది. ఇక పని అంటారా, చదువొచ్చిన ఖైదీలు పదేసి మంది పిల్లలకు అక్షరాలు నేర్పి విడుదలయ్యారు!

థాయ్‌లాండ్‌లోని కాంచనబురి సైనిక శ్మశానంలో దాదాపు ఏడువేల సమాధులున్నాయి. కూలీలకు అందులో చోటు లేదు. మలయా వెళ్లి ఉత్తరం రాయడం ఆగిపోయిన పెద్దలు మీ వంశంలో ఉంటే, దాదీనో నానీనో అడిగి పేరు, ఊరు రాసి పెట్టుకోండి. ఆ పేరు ఇంకెక్కడా దొరకకపోవచ్చు.