కవర్‌స్లిప్ అతికింపు: రంజనానికి ముందే తేల్చుకోవలసిన విషయం

కోతకు రంగు పట్టిన తరువాత బల్లపై చేతికందిన సీసాతో కవర్‌స్లిప్ అతికించడం విద్యార్థులలో తరచు కనిపించే అలవాటు. మాధ్యమాన్ని రంజకాన్ని బట్టి ముందే నిర్ణయించుకోవాలి.

సఫ్రానిన్, ఫాస్ట్ గ్రీన్‌లతో రంజనం చేసిన శాశ్వత స్లైడ్లకు డి.పి.ఎక్స్. అనువైనది. దాని వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగా, సుమారు 1.52 ఉంటుంది. కెనడా బాల్సం కూడా అటువంటిదే గాని, నెమ్మదిగా ఆరుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది. డి.పి.ఎక్స్.లోని జైలీన్ నీటితో కలవదు కనుక నిర్జలీకరణ అసంపూర్ణమైతే కోత పాలవలె మసకబారుతుంది. వర్షాకాలంలో మూత సరిగా పెట్టని ఆల్కహాల్ సీసాను ముందుగా అనుమానించాలి.

వరి వేరులోని సూబెరిన్‌ను సుడాన్ 4తో గుర్తించేటప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఆల్కహాల్, జైలీన్ ఆ రంగును కరిగించివేస్తాయి. సోడియం ప్రవేశాన్ని అడ్డుకునే పొర ఉన్న వంగడాన్ని అది లేనిదిగా నమోదు చేసి, చౌడు నేలల పరిశోధన నుండి తొలగించే ప్రమాదం ఉంది. అటువంటి కోతలను గ్లిసరిన్‌లో అమర్చాలి. కవర్‌స్లిప్ ఒక అంచును ముందుగా ఆనించి, సూదితో ఏటవాలుగా దించితే గాలిబుడగలు చిక్కవు. ఆపై అంచులను గోళ్లరంగుతో మూసి, ఆ రోజే ఛాయాచిత్రాలు తీసుకోవాలి. ఈ స్లైడ్లు ఎక్కువ కాలం నిలువవు.