నెంబరు చదివారు... పిలుపు రాలేదు

విజయనగరం: శ్రావణంలో ‘సెలక్టయిపోయాడు’ అని ఊరంతా చెప్పుకున్న కుర్రవాడు దసరా దాటాక కూడా వీధి అరుగు మీదే కనిపిస్తే ఎవరికైనా అనుమానం రాక మానదు. “ఏటి, మీవోడింకా ఎల్లలేదా?” అని కుళాయి దగ్గర తల్లిని అడుగుతారు. “ఆర్డరు రావాలి కదమ్మా” అని ఆమె బిందె చంకనెత్తుకుంటుంది. రెండో నెలలో ఈ జవాబు చెప్పడం సులువే. నాలుగో నెల వచ్చేసరికి ఆమె కుళాయికి వెళ్ళే వేళ మార్చుకుంటుంది.

పూనా దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్.డి.ఏ.)లో చేరాలని ఆశపడే పిల్లలున్న ఇళ్ళలో ఏటా రెండు విడతలుగా కనిపించే దృశ్యమిది. అకాడమీ అక్కడ 1955 జనవరిలో మొదలైంది. పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ రాజభవనంలో 1962 జనవరిలో సైనిక్ స్కూలు తెరిచాక ఆ పేరు ఈ జిల్లాలో ఇంటింటికీ తెలిసింది. ఆరో తరగతిలో చేరిన నాటినుంచే పిల్లవాడి చూపు ఖడక్‌వాస్లా మీద ఉంటుంది. ఇప్పుడు కోరుకొండ పిల్లలే కాదు, మామూలు జూనియర్ కాలేజీల్లో ఎం.పి.సి. చదివినవారూ తెల్లవారకముందే అయోధ్యా మైదానంలో పరుగులు తీస్తున్నారు. చదువుకు, పరుగుకు శిక్షణ ఇచ్చేవారు ఉన్నారు. ఫలితం కోసం కూర్చోవడం ఎలాగో నేర్పేవారే లేరు.

తన మార్కులు తనకే తెలియవు

పరీక్ష నడిచే తీరు తెలిస్తేగాని ఈ బాధ అర్థం కాదు. యు.పి.ఎస్.సి. పెట్టే రాత పరీక్షకు 900 మార్కులు. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600. అందులో నెగ్గినవారిని సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు పిలుస్తుంది. దానికీ 900. మన పిల్లలు ఇందుకోసం బెంగుళూరో, భోపాలో, మైసూరో వెళతారు. నేవీ కోరుకున్న కొందరికి విశాఖలోనే పడుతుంది. ఐదు రోజుల వ్యవహారం. తొలిరోజు వడపోతలోనే చాలామంది ఇంటిముఖం పడతారు. మిగిలినవారు ఛాతీమీద నెంబరు కట్టుకుని, బొమ్మ చూసి కథ రాసి, తాళ్ళతో, దుంగలతో అడ్డంకులు దాటి, అధికారుల ప్రశ్నలకు జవాబులు చెప్పి ఆఖరి రోజు హాల్లో కూర్చుంటారు. ఒక అధికారి వచ్చి నెగ్గినవారి నెంబర్లు మాత్రం చదువుతాడు. ఒక్కోసారి ఒక్క నెంబరూ ఉండదు.

నెంబరు చదివారంటే ఆ కుర్రవాడు ‘రికమెండెడ్’. అంటే, ఇతనిని తీసుకోవచ్చని బోర్డు సిఫార్సు చేసిందన్నమాట. అంతే. అకాడమీలో సీటు ఇచ్చినట్టు కాదు. కానీ ఈ ఇంగ్లీషు మాట భోపాల్‌లో రైలెక్కి విజయనగరంలో దిగేసరికి ‘సెలక్టెడ్’ అయిపోతుంది. స్టేషను నుంచి ఊరు చేరేలోగా ‘ఆఫీసరు’ అవుతుంది. స్వీట్లు పంచుతారు. కూడలిలో ఫ్లెక్సీ కడతారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే, ఏ రెజిమెంటులో చేరతాడన్న చర్చ కూడా సాగుతుంది. తండ్రి మాజీ సైనికుడైన ఇళ్ళలో ఈ హడావుడి తక్కువ. హవల్దారుగానో సుబేదారుగానో రిటైరైన మనిషికి కాగితం చేతికి రాకముందు నోరు మెదపకూడదని సర్వీసులోనే తెలిసివస్తుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, తనకు రాతలో ఎన్ని వచ్చాయో, ఇంటర్వ్యూలో ఎన్ని వేశారో ఆ కుర్రవాడికి తెలియదు. రెండింటిలోనూ గట్టెక్కాడన్నదొక్కటే తెలుసు. తుది జాబితా వచ్చాక గాని యు.పి.ఎస్.సి. మార్కులు బయటపెట్టదు. తనతోపాటు దేశమంతటా ఎంతమంది నెంబర్లు చదివారో, వారికెన్ని వచ్చాయో అసలే తెలియదు. గట్టు మీద నిలబడి లోతు తెలియని చెరువును చూసినట్టుంటుంది. అందుకే సెల్‌ఫోనులో ‘ఈసారి కటాఫ్ ఇంత’ అని జోస్యం చెప్పేవారికి ఈ నెలల్లో గిరాకీ. వారికి కూడా తెలియదన్న సంగతి చూసేవారికి తెలుసు. అయినా చూస్తారు.

2024 తొలి విడత సంగతే తీసుకుంటే, ఏప్రిల్ 21న రాత పరీక్ష జరిగింది. మే నెలలో దాని ఫలితాలు వచ్చాయి. వేసవి దాటాక ఇంటర్వ్యూలు. తుది జాబితా అక్టోబరు నాలుగో వారంలో గాని రాలేదు. కోర్సు 2025 జనవరి 2న మొదలు. జులైలో నెంబరు చదివించుకున్నవాడు మూడు నెలలకు పైగా కాచుకోవాలి.

కాలేజీలో చేరాలా, మానాలా?

ఈ మూడు నెలలే ఇంటికి గండం. ఎందుకంటే ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సరిగ్గా జులై, ఆగస్టుల్లోనే పడుతుంది. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో సీటు వచ్చిందనుకోండి. చేరితే ఫీజు, హాస్టలు, బస్సు ఖర్చు పెట్టాలి. జనవరిలో అకాడమీకి వెళ్ళిపోతే ఆ డబ్బు పోయినట్టే. చేరకపోతే, తుది జాబితాలో పేరు లేనప్పుడు ఏడాది చదువు పోయినట్టే. తండ్రి డబ్బు లెక్క చూస్తాడు, తల్లి ఏడాది లెక్క చూస్తుంది, కొడుకు ఏ లెక్కా చూడడు. ‘నాకు వస్తుంది’ అంటాడు. పదిహేడేళ్ళ కుర్రవాడు అనవలసిన మాటే అది. కానీ ఆ మాట నమ్మి సీటు వదులుకున్న ఇళ్ళలో దీపావళి ఎలా గడుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

డబ్బు కంటే పెద్ద తలనొప్పి సర్టిఫికెట్లది. అకాడమీలో చేరేటప్పుడు పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ పత్రాలు చూపాలి. అవి కొన్ని కాలేజీల బీరువాల్లో ఉంటాయి. మధ్యలో మానేస్తానంటే ‘నాలుగేళ్ళ ఫీజూ కట్టి పట్టుకుపో’ అనే యాజమాన్యాలూ ఉన్నాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లో స్పష్టంగా ప్రకటించింది. చేరేరోజే ఈ విషయం గట్టిగా అడిగి, సరిచూసుకున్న వెంటనే పత్రాలు వెనక్కి తెచ్చుకునే తండ్రి డిసెంబరులో ప్రిన్సిపాల్ గది ముందు నిలబడే అవస్థ తప్పించుకుంటాడు. ఫీజు మాట మాత్రం వేరు. ప్రవేశాల గడువు ముగిసి నెల దాటాక మానితే పైసా తిరిగి ఇవ్వనవసరం లేదని అదే ప్రకటనలో ఉంది. జాబితా వచ్చేది ఆ గడువు ఎప్పుడో దాటాకే. కనుక ఆ డబ్బుకు నీళ్ళొదులుకునే చేరాలి.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దలంటారు. ఈ విషయంలో మాత్రం రెండు పడవల మీదా కాళ్ళు పెట్టినవాడే మునగకుండా ఉన్నాడు.

రెండో పరీక్ష మాటేమిటి?

మరో పొరపాటు ఇంతకంటే నిశ్శబ్దంగా జరుగుతుంది. ఎన్.డి.ఏ. పరీక్ష ఏడాదికి రెండుసార్లు. 2024లో రెండో పరీక్ష సెప్టెంబరు 1న జరిగింది. అంటే తొలి పరీక్ష తుది జాబితా రాకముందే! దరఖాస్తు చేసి కూడా ‘నా నెంబరు చదివారు కదా, మళ్ళీ ఎందుకు’ అని ఆ రోజు ఇంట్లో కూర్చునేవారుంటారు. అక్టోబరులో పేరు లేకపోతే చేతిలో ఏదీ ఉండదు. కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళ లోపు వారికే అవకాశం. పద్దెనిమిది దాటినవాడికి ఒక్క పరీక్ష పోవడమంటే మాటలు కాదు. ఈ వయసు దాటితే డిగ్రీ పూర్తిచేసి సి.డి.ఎస్. పరీక్ష రాయాల్సిందే.

సెప్టెంబరులో మళ్ళీ కూర్చుని రాసినవారికి ఇంకో లాభం ఉంది. చదువుకోవడానికి పుస్తకం, పరుగెత్తడానికి కారణం దొరుకుతాయి. పొద్దు పోతుంది. ఎవరైనా అడిగితే ‘పరీక్షకు చదువుతున్నాడు’ అని తల్లి చెప్పగలుగుతుంది. అది అబద్ధం కాదు కూడా.

వైద్య పరీక్ష మరో ముడి. నెంబరు చదివినవారిని మిలిటరీ ఆసుపత్రి డాక్టర్లు తల నుంచి పాదం దాకా చూస్తారు. చెవిలో గుబిలి, ఎక్కువ బరువు, ముక్కు దూలం వంకర, నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం, రంగులు సరిగా గుర్తించలేకపోవడం... ఇలా ఎన్నో. కొన్నిటికి తాత్కాలికంగా పనికిరాడని రాస్తారు. 42 రోజుల్లో సరిచేసుకుని మళ్ళీ చూపించుకోవచ్చు. అన్నం తగ్గించి, పరుగు పెంచి నాలుగైదు కిలోలు దించేవారు, అప్పుచేసి ముక్కు ఆపరేషన్ చేయించుకునేవారు ఉన్నారు. ఆ ఖర్చు పెట్టేనాటికి కూడా జాబితాలో పేరుంటుందో లేదో తెలియదు! మోకాళ్ళు మాత్రం ఎవరి మాటా వినవు.

ఆడపిల్లల సంగతి

2021 ఆగస్టులో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చేదాకా ఈ ఎదురుచూపు మగపిల్లలకే పరిమితం. 2022లో తొలిసారి ఆడపిల్లలు ఖడక్‌వాస్లాలో అడుగుపెట్టారు. ఆ విడత దేశం మొత్తానికి వారికి కేటాయించినవి 19 సీట్లే. వారిలో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికి వచ్చారు. సీట్లు తక్కువైన కొద్దీ జాబితా కోసం గుండె దడ ఎక్కువ. దానికి తోడు కొడుకునైతే ‘ఎప్పుడెల్తాడు’ అని అడిగే బంధువులు కూతురి విషయంలో ‘ఎందుకెల్లడం’ అంటారు. ఆమెకు జాబితాతోపాటు వీళ్ళకూ జవాబు వెతుక్కోవాలి.

ఒకప్పుడైతే పోస్ట్‌మన్ సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించేవారు. తంతి వచ్చిందంటే ఇంట్లో ముందు భయం, తర్వాత సంతోషం. 2013 జులైలో తంతి సేవలే ఆగిపోయాయి. పోస్ట్‌మన్ రోజుకు ఒకసారే వచ్చేవాడు. అతను సందు మలుపు తిరిగి వెళ్ళిపోతే ఇక రేపటిదాకా నిశ్చింత. ఇప్పుడు ఫలితం సెల్‌ఫోనులో వస్తుంది కనుక అర్ధరాత్రి దాకా నిశ్చింత లేదు. ‘ఈ శుక్రవారం వస్తుందట’ అని ఎవరో పుకారు పుట్టిస్తారు. శుక్రవారం పోతుంది. తల్లి పైడితల్లమ్మకు మొక్కుకున్న మొక్కు మీద ఇంకో మొక్కు చేరుతుంది. సిరిమాను తిరిగే మంగళవారం నాడు కోట ముందు జనంలో ఇలాంటి మొక్కులెన్ని ఉంటాయో అమ్మవారికే తెలియాలి.

పేరు కనిపించినా...

చివరికి ఒక సాయంత్రం జాబితా వస్తుంది. కథ అక్కడితో అయిపోతుందనుకుంటే పొరపాటు. 2024 తొలి విడతలో ఉన్న ఖాళీలు 400. జాబితాలో పేర్లు 641. చివరిగా చోటు దొరికినవారికి 1800కు 654 మార్కులు. వైద్య పరీక్ష ఫలితాలను లెక్కలోకి తీసుకోకుండానే ఈ జాబితా తయారుచేస్తారు. కాబట్టి పై వరుసలో ఉండి ఆరోగ్యం కారణంగా ఆగిపోయేవారుంటారు. వారి స్థానాలు కింది వరుసవారికి వస్తాయి. నూటయాభయ్యో ర్యాంకు కుర్రవాడు పెట్టె సర్దుకుంటే, నాలుగువందల డెబ్బయ్యో ర్యాంకువాడు మళ్ళీ వేళ్ళమీద లెక్క మొదలుపెడతాడు. పైవారిలో ఎంతమంది వైద్య పరీక్షలో పోయారో, ఎంతమంది ఐ.ఐ.టి.లోనే ఉండిపోతారో అని. పదిమందికీ పేరు చూపించవచ్చు గాని, చేరిక ఉత్తరం చూపించలేడు. పేరు లేనివాడి కంటే ఇతని అవస్థే ఎక్కువ అనిపిస్తుంది. లేనివాడికి కనీసం సంగతి తేలిపోయింది.

పక్షం రోజుల్లో మార్కులు వెబ్‌సైటులో పెడతారు. పేరు లేనివారు అప్పుడు చూసుకుంటారు, లెక్కల్లో పోయిందా, ఇంటర్వ్యూలో పోయిందా అని. సెప్టెంబరులో రాసినవారికి అప్పటికి మళ్ళీ బోర్డు పిలుపు వచ్చే వేళవుతుంది. మరోసారి భోపాలో, బెంగుళూరో.

ఉత్తరం అందుకున్న ఇంట్లో డిసెంబరంతా సర్దుళ్ళే. నల్ల బూట్లు, తెల్ల చొక్కాలు, ట్రంకు పెట్టె, పత్రాలకు నాలుగేసి జిరాక్సులు, జమ కట్టవలసిన సొమ్ము. పూనాకు విజయనగరం నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. కుళాయి దగ్గర అమ్మలక్కలు మళ్ళీ అడుగుతారు, ఎప్పుడెల్తున్నాడని. ఈసారి తల్లి తారీఖు చెబుతుంది. రైలు టైము కూడా చెబుతుంది.