గోదావరి ఒడ్డున మరుగుపడిన పట్టణము

నహూము ప్రవక్త గ్రంథములో నో అమోను అను పట్టణపు ప్రస్తావన వస్తుంది. ఐగుప్తులో నైలు నది ఒడ్డున వెలసిన ఆ మహా పట్టణమును క్రీ.పూ. 663లో అష్షూరీయులు కొల్లగొట్టారు. ఎడారి అంచున మిగిలిన దాని దేవాలయములను చూడడానికి నేటికీ నలుదిక్కుల నుండి జనులు లక్సర్‌కు పోతున్నారు. అంత దూరము పోయే స్తోమత మనలో ఎందరికి ఉంది? అయితే అటువంటి నదీతీర పట్టణమొకటి మన ఇంటి దగ్గరే ఉన్నది. అదే కోటిలింగాల.

కరీంనగర్ నుండి చొప్పదండి, ధర్మారం, వెల్గటూరు మీదుగా మా సంఘములోని కొన్ని కుటుంబములతో అక్కడికి వెళ్లాము. పూర్వము కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 నుండి జగిత్యాల జిల్లాలోనిది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్నది. అవతలి ఒడ్డు పాత ఆదిలాబాదు జిల్లా. భక్తులు కోటేశ్వరస్వామి గుడికి వస్తారు. మేము మాత్రము ఊరి పక్కనున్న మట్టి దిబ్బలను చూడబోయాము.

"నాగలి పెడితె చాలు అయ్యగారూ, పెంకులే ఎల్లుతయి" అన్నాడు అక్కడి రైతు ఒకాయన. ఆ పెంకులు రెండువేల ఏండ్ల నాటి వంటింటి కుండలవి. 1979 మొదలుకొని 1983 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యములో ఇక్కడ త్రవ్వించగా మట్టికోట గోడలు, ఇటుక కట్టడములు, బావులు బయటపడినవి.

అన్నిటికంటె విలువైనవి చిన్న చిన్న నాణెములు. శాతవాహన వంశమునకు మూలపురుషుడైన సిముకుని పేరు పురాణములలోను, మహారాష్ట్రలోని నాణేఘాట్ గుహలోను ఉన్నది. కోటిలింగాల మట్టిలో ఆయన పేరు గల నాణెములే దొరికినవి. ఆయనకు ముందు ఏలిన గోబద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేర్లు కూడ ఈ నాణెముల వల్లనే వెలుగులోకి వచ్చినవి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ గారు పోగుచేసిన నాణెములను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివి లోకమునకు తెలిపారు. ఆ బిళ్లలు కంచరి కొలిమిలో కరిగిపోయి ఉంటే, ఆ రాజుల పేర్లు మనకు దక్కేవా?

ఈ పట్టణము ఒంటరిది కాదు. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో వేలాది నాణెములు దొరికినవి. వాటితోపాటు రోమా వెండి నాణెము కూడ దొరికినది. అది మన ప్రభువు పుట్టిన కాలమందు ఏలిన ఔగుస్తు కైసరుది! హుస్సేనిమియా వాగు ఒడ్డున ధూళికట్టలో కోట, బౌద్ధ స్తూపము ఉన్నవి. స్తూపపు రాతి పలకలపై పడగ విప్పిన ముచిలింద నాగుని చెక్కినారు. ఆరాధన మనది కాకపోవచ్చు గాని, ఆ ఉలి పట్టినవారు మన నేల బిడ్డలే.

ఇప్పుడు ఎల్లంపల్లి జలాశయపు నీరు కోటిలింగాల దాకా నిలుస్తున్నది. పాత పట్టణపు దిబ్బలలో కొంత భాగము ముంపునకు గురైనది. తాగునీరు, సాగునీరు మనకు కావలసినవే, వాటిని కాదనలేము. అయితే నీరు ముట్టని భాగము మన చేతిలో ఉన్నది. పాత ఇటుకలను ఊడబెరికి గోడలకు వాడుకోవడము, నాణెములను తూకానికి అమ్మడము మానవలసినది మనమే.

దున్నేటప్పుడు పాత నాణెములు, బొమ్మలు దొరికితే దాచవద్దు, కరిగించవద్దు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగలది దొరికితే కలెక్టరుగారికి తెలియజేయవలెను. వేసవి సెలవులలో మీ పిల్లలను ఈ దిబ్బల దగ్గరకు తీసుకువెళ్లండి. దొరికిన పెంకును చూపించి, తిరిగి అక్కడే పెట్టించండి. వారి తరువాత వచ్చే పిల్లలకు కూడ చూడడానికి ఏదో ఒకటి మిగలాలి గదా!