గురి చూస్తే చాలదు, తుపాకీతో సరిచూడాలి: లివర్ రైఫిల్ ఇనుప సైట్ల లెక్క

తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో తెలుగు తెర మీదికి కౌబాయ్‌ను తీసుకొచ్చారు. కౌబాయ్ తుపాకీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది లివర్ రైఫిలే. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప పిడిని కిందికి లాగి పైకి తోస్తే పేలిన తూటా గొట్టం బయటపడి, కొత్త తూటా లోపలికెక్కుతుంది. సినిమాలో హీరో ఎటు చూస్తే తూటా అటే పోతుంది. నిజం తుపాకీ అలా ఉండదు. ఎంత మంచి కంపెనీదైనా సరే, కాగితం మీద కాల్చి సరిచూసేదాకా అది ఎక్కడ కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ సంగతి మన ప్రాంతం వారికి ఎందుకంటే, తాతల నాటి లైసెన్సు తుపాకులు ఉన్న కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్లి, అక్కడి స్నేహితులతో వేటకు వెళ్లాలని ఉబలాటపడే కుర్రాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ తెలియాల్సిన లెక్క ఒకటే.

రెండు గీతలు

కంటి నుంచి వెనక సైట్, ముందు సైట్ మీదుగా గురి దాకా పోయే చూపు తిన్నని గీత. తూటా దారి మాత్రం తిన్నగా ఉండదు. గొట్టం దాటిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతుంది. అందుకే గొట్టాన్ని చూపు గీత కంటే కాస్త పైకి ఎత్తి ఉంచేలా సైట్లు అమరుస్తారు. ఈ రెండు గీతలూ మనకు కావలసిన దూరంలో కలిసేలా చేయడమే గురి సరిచూడటం. ఉర్దూలో నిషానా అన్నా, తెలుగులో గురి అన్నా అసలు పని ఇదే.

పని ఎలా జరుగుతుంది

ముందుగా 25 మీటర్ల దూరంలో పెద్ద కాగితం పెడతారు. దగ్గర నుంచి మొదలుపెడితే తూటా ఎంత పక్కకు పోయినా కాగితం మీదే కనబడుతుంది. రైఫిల్ ముందు చెక్క భాగాన్ని ఇసుక సంచి మీద ఆనిస్తారు. గొట్టాన్ని మాత్రం దేనికీ ఆనించకూడదు. గట్టి వస్తువు తగిలితే తూటా దారి మారిపోతుంది. కన్ను మూడు చోట్ల ఒకేసారి నిలవదు కాబట్టి ముందు సైట్‌నే స్పష్టంగా చూడాలి. గురి కొంచెం మసకగా కనబడినా ఫర్వాలేదు.

ఒక్క తూటా కాల్చి సైట్ జరపడం చాలామంది చేసే పొరపాటు. అది చెయ్యి వణికి పోయిందా, సైట్ తప్పా అనేది ఒక్క తూటాతో తేలదు. ఒకే చోట గురిపెట్టి మూడు కాల్చాలి. ఎన్‌సీసీలో చేరిన పిల్లలకు .22 రైఫిల్‌తో ముందు నేర్పేది కూడా ఇదే, దాన్నే గ్రూపింగ్ అంటారు. మూడు చిల్లులూ దగ్గర దగ్గరగా పడితే, అవి గురికి దూరంగా ఉన్నా సరే, కాల్చేవాడు బాగానే కాల్చినట్టు. అప్పుడు సైట్ జరపవచ్చు. మూడూ మూడు దిక్కుల పడితే సైట్ ముట్టుకోకుండా మళ్లీ కాల్చాలి.

ఎటు జరపాలనేది గుర్తుపెట్టుకోవడం సులువు. తూటా ఎటు పోవాలో వెనక సైట్‌ను అటే జరపాలి. ముందు సైట్‌ను జరిపితే దానికి వ్యతిరేకం. చిల్లులు కుడివైపు పడుతుంటే వెనక సైట్‌ను ఎడమకు, లేదా ముందు సైట్‌ను కుడికి. కింద పడుతుంటే వెనక సైట్‌ను పైకెత్తాలి. వించెస్టర్ 1894 లాంటి పాత రైఫిళ్లలో వెనక సైట్ కింద మెట్లున్న చిన్న పట్టీ ఉంటుంది. దాన్ని ఒక మెట్టు ముందుకో వెనక్కో జరిపితే ఎత్తు మారుతుంది. పక్కకు జరపాలంటే ఇత్తడి ముక్క అడ్డుపెట్టి సుత్తితో మెల్లగా తట్టాలి. ఈ పనంతా తుపాకీ ఖాళీ చేశాకే. ముందు సైట్‌ను ఆకురాయితో అరగదీయడం ఆఖరి మాట. అరిగింది మళ్లీ పెరగదు.

ఎంత జరపాలి? చిల్లులు తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో హెచ్చించి, కాగితం ఉన్న దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 50 సెంటీమీటర్లు, కాగితం 25 మీటర్ల దూరంలో, చిల్లులు 5 సెంటీమీటర్లు కుడికి పడ్డాయనుకుందాం. లెక్క వేస్తే జరపాల్సింది 1 మిల్లీమీటరు. ఆ 1 మిల్లీమీటరే 100 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్ల తేడా అవుతుంది. జింక గుండెకు తగలాల్సిన తూటా కడుపులోకి పోవడానికి అంత తేడా చాలు. అది వెంటనే చావదు, నెత్తురు కారుతూ గంటల తరబడి తిరుగుతుంది. సైట్ సరిచూడకుండా వేటకు వెళ్లకూడదని అనడం ఇందుకే.

25 మీటర్ల దగ్గర కుదిరాక 50, 100 మీటర్లలో మళ్లీ చూడాలి. తూటా రకం మారితే పని మొదటికొస్తుంది. గొట్టం వేడెక్కితే చల్లారనివ్వాలి. గొట్టంలాంటి మ్యాగజైన్ ఉన్న లివర్ రైఫిల్‌లో మొన తేలిన తూటాలు వేయకూడదు. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, కుదుపుకు వెనకదాని మొన ముందుదాని మందును పేల్చవచ్చు.

ఇక్కడ పొలంలో ఎందుకు కుదరదు

కాల్చిన తూటా ఆగాలంటే కాగితం వెనక మట్టికట్టో కొండో ఉండాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల అంతా చదునైన డెల్టా, తీరభూమి. అడ్డం ఆగే గుట్ట లేదు. చిన్న .22 తూటాయే కిలోమీటరు దాటి పోతుంది, వేట రైఫిల్ తూటా అంతకంటే చాలా దూరం పోతుంది. ఆ దూరంలో ఇక్కడ ఊరో, కాలవగట్టు మీద మనిషో, నాట్లేసే కూలీలో ఉంటారు. పైగా నీళ్లున్న మడిలో, కాలవలో ఏటవాలుగా పడ్డ తూటా రాయి ఎగిరినట్టు ఎగిరి ఎటో పోతుంది. సూర్యలంక ఇసుకలో ఎవరూ లేరు కదా అనుకోవడమూ తప్పే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019 ఆయుధ చట్ట సవరణ ప్రకారం ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా తుపాకీ పేలిస్తే 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక వేట సంగతి. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని కట్టడి చేసింది, 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకను చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. కాబట్టి సైట్ సరిచూడాలంటే అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్ ఒక్కటే దారి.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడ రేంజ్‌లు చాలా ఉన్నాయి గానీ ఒక మెలిక ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అక్కడి వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీయే కదా అని చేతిలోకి తీసుకునే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి, లేకపోతే వీసాకే ఎసరు.

ఇంట్లో పాత తుపాకీ ఉంటే

లైసెన్సు ఉన్న పెద్దాయన చనిపోతే తుపాకీ బీరువాలో ఉండిపోవడానికి వీల్లేదు. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలి. 2016 ఆయుధ నియమాల కింద వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ దగ్గర ఉండి 25 ఏళ్లయినా బతికుండగానే వారసుడికి ఇప్పించే వీలుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రేపల్లె, బాపట్ల వారి కలెక్టరేట్ బాపట్లలో, తెనాలి వారిది గుంటూరులోనే. ముందు ఈ కాగితాలు సరిగ్గా ఉండాలి, ఆ తర్వాతే సైట్ సంగతి.