వెలుగుకు అడ్డుపెట్టిన చెయ్యి

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నందిని మిట్టమధ్యాహ్నం ఫొటో తీసి చూడండి. నున్నగా తీర్చిన ఆ నల్లరాతి వీపు మీద ఎండ తళుక్కుమంటుంది. మెడకింది చెక్కడం మాత్రం నీడలో కలిసిపోతుంది. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. ఎదురుగా నిలబడితే శిల్పి ఉలి పెట్టిన ప్రతిచోటూ కనిపిస్తుంది, ఫొటోలో కనిపించదు. కన్ను ఎండకు వేరుగా, నీడకు వేరుగా సర్దుకుంటుంది. కెమెరా మాత్రం రెంటినీ ఒక్క ఎక్స్‌పోజర్‌లో పట్టుకోవాలి.

ఈ లోటు తీర్చిన పాత పనిముట్టు ఒక అట్టముక్క. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ వెలుగు నెగెటివ్ గుండా బ్రోమైడ్ పేపర్ మీద పడుతుంది. ఎంత వెలుగు పడితే పేపరు అంత నల్లబడుతుంది. అందుకే నీడ తేరుకోవాలంటే తీగకు గుచ్చిన గుండ్రటి అట్టను అక్కడ కొన్ని సెకన్లు అడ్డుపెట్టేవారు. అది డాడ్జింగ్. తళుకు తగ్గాలంటే రెండు చేతులూ దగ్గరచేసి, సందులోంచి ఆ చోటికే ఇంకొంత వెలుగు పోసేవారు. అది బర్నింగ్. చెయ్యి కదులుతూనే ఉండాలి, ఆగితే దాని అంచు ప్రింటు మీద పడిపోతుంది, పేపరు దండగ. ఇంకో కాపీ కావాలంటే మళ్లీ మొదటినుంచీ అంతా చెయ్యాల్సిందే.

తండ్రి డార్క్‌రూమ్‌లో ఈ పని నేర్చిన థామస్ నోల్ అమెరికాలోని మిషిగన్‌లో 1987లో ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. తమ్ముడు జాన్ తోడయ్యాడు. ఆ ప్రోగ్రామే 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్‌గా అడోబీ నుంచి వచ్చింది. దాంట్లో డాడ్జ్ టూల్ గుర్తు ఇప్పటికీ ఆ తీగకు గుచ్చిన అట్టే, బర్న్ గుర్తు మడిచిన చెయ్యే.

అసలు మలుపు 1994లో, మూడో వెర్షన్‌లో వచ్చిన లేయర్లు, అంటే ఫొటో మీద పరిచే పొరలు. ఫొటో మీద కొత్త లేయర్ వేసి, దాన్ని సగం బూడిదరంగుతో నింపి, ఓవర్‌లే మోడ్‌లో పెడితే ఫొటో ఏమీ మారదు. ఇప్పుడు ఆ లేయర్ మీద మెత్తని బ్రష్‌తో తెలుపు రుద్దితే కింద ఫొటో తేరుకుంటుంది, నలుపు రుద్దితే ముదురుతుంది. సున్నా నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో నంది మెడకింద ఒక చుక్క విలువ 50 అనుకుందాం. పైన బూడిదను 153కు పెంచితే అది 60 అవుతుంది. తప్పు జరిగితే మళ్లీ బూడిద పూస్తే సరి. అసలు ఫొటోను ఎవరూ ముట్టుకోలేదు. నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

పెళ్లి ఆల్బమ్‌లలో ఇదే పద్ధతితో చామనఛాయ ముఖాల్ని తెల్లగా రుద్దేయడం మాత్రం నాకు బాధగా ఉంటుంది. అది వెలుగును దిద్దడం కాదు, మనిషిని మార్చడం.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. విలువ సున్నా ఉన్న చుక్క మీద ఎంత తెలుపు రుద్దినా సున్నాగానే ఉంటుంది, 255 మీద ఎంత నలుపు రుద్దినా 255గానే. కెమెరా పట్టనిదాన్ని లేయర్ తేలేదు. కాబట్టి ఈసారి గుడికి వెళ్తే రా (RAW) ఫార్మాట్‌లో, నంది వీపు మీది తళుకు తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి. మెడకింది చెక్కడాన్ని ఇంటికొచ్చాక నిదానంగా పైకి తీసుకురావచ్చు.